చదివేవాడిని ఎరిగి వ్రాసిన సురవరం ప్రతాపరెడ్డి గారు

మన ఆత్మకూరు నుండి కృష్ణ వైపు దిగి, జూరాల దాటి అవతలి ఒడ్డుకు పోతే నడిగడ్డ వస్తుంది. ఒక పక్క కృష్ణ, ఇంకొక పక్క తుంగభద్ర, నడుమ గద్వాల, అలంపురం సీమ. ఆ సీమలోని బోరవెల్లిలో 1896 మే 28వ తేదీన సురవరం ప్రతాపరెడ్డి గారు జన్మించినారు. వారి స్వంత ఊరు ఇటిక్యాలపాడు. ఈ రెండు ఊర్లూ కొత్త జిల్లాలు ఏర్పడకముందు మన పాలమూరు జిల్లావే. ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా అంటున్నాము, మన ఆత్మకూరును వనపర్తి జిల్లా అంటున్నాము. జిల్లా పేరు మారినంత మాత్రాన ఇరుగుపొరుగు మారదు కదా.

ముస్లిం సంక్షేమ సంఘం సావనీరులో సురవరం వారి జీవితం ఎందుకని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన మాటే. మన సంఘానికి నిత్యం పనికివచ్చే ఒక విద్య ఆయన దగ్గర ఉండినది, అందుకని ఎంచుకున్నాము. ఆ విద్య ఏమంటే, కలం పట్టక ముందే, ఇది ఎవరు చదువుతారు, ఎవరు వింటారు అని ఆలోచించడం. పల్లెటూరి రైతుకు ఒక తీరున, పండితునికి ఒక తీరున, సర్కారు అధికారికి ఇంకొక తీరున వ్రాసినారు. తీరు మార్చినారు గాని విషయం మార్చలేదు. ఈ తేడా తెలుసుకోవడానికే ఈ నాలుగు మాటలు.

ఆయన చదువు ఒక్క చోట సాగలేదు. కర్నూలులో చదివినారు, హైదరాబాదు నిజాం కాలేజీలో చదివినారు, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో బి.ఏ. పట్టా తీసుకున్నారు, తిరువనంతపురంలో లా చదివి బి.ఎల్. అయినారు. తెలుగు, సంస్కృతం, ఇంగ్లీషుతో పాటు ఉర్దూ, ఫారసీ కూడా నేర్చుకున్నారు. కొద్దికాలం వకీలు పని చేసి, అది తనకు సరిపడదని వదిలేసినారు. అప్పటి నగర కొత్వాలు రాజబహద్దూర్ వెంకట్రామారెడ్డి గారు నెలకొల్పిన రెడ్డి హాస్టలుకు కార్యదర్శిగా పని చేసినారు. జిల్లాల నుండి వచ్చిన పిల్లలు ఏమి చదువుతున్నారు, ఏమి చదవలేకపోతున్నారు అన్నది ఆయన ప్రతిరోజూ కళ్లారా చూసింది అక్కడే.

ఆనాటి భాషల సంగతి కొంచెం చెప్పుకోవాలి. నిజాం రాజ్యంలో 1884 నుండి ఉర్దూ రాజభాష. కచేరీలో ఉర్దూ, బడిలో ఉర్దూ. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పై చదువు కూడా ఉర్దూలోనే. దేశభాషలో పై చదువు చెప్పవచ్చునని లోకానికి చూపించిన గొప్ప పని అది, సందేహం లేదు. అయితే రాజ్యంలో ఎక్కువమంది ఇండ్లలో మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడం. రైతు అర్జీ ఉర్దూలో వ్రాయించుకోవాలె, వచ్చిన జవాబు ఉర్దూలో చదివించుకోవాలె. అంటే తన కష్టం తానే చెప్పుకోను రాదు, దానికి వచ్చిన తీర్పు తానే తెలుసుకోను రాదు.

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని థియేటరులో ఒక సంఘసంస్కార సభ జరిగింది. ఇంగ్లీషులో, మరాఠీలో మాట్లాడినంతసేపు సభ నెమ్మదిగానే ఉండినది. ఆలంపల్లి వెంకటరామారావు గారు లేచి తెలుగులో మొదలుపెట్టగానే సభలో కొందరు గేలి చేసి ఆయనను మాట్లాడనీయలేదు. ఆ అవమానం లోంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఇందులో మనం గమనించవలసింది ఒకటి ఉన్నది. గేలి చేసినవారు సర్కారు మనుషులు కారు, ముసల్మానులు కారు. తమ భాష గాని దాన్ని తక్కువగా చూసే జబ్బు ఒక మతానిది, ఒక జాతిది కాదు. అది ఎవరికైనా పట్టగలదు.

1922లో నల్లగొండ నుండి నీలగిరి పత్రిక, ఇనుగుర్తి నుండి తెనుగు పత్రిక వెలువడినవి. తరువాత 1926 మే 10వ తేదీన హైదరాబాదు నుండి గోలకొండ పత్రిక మొదలయింది. దాని సంపాదకులు ప్రతాపరెడ్డి గారు. వారానికి రెండుసార్లు వచ్చేది. వ్రాసేదీ ఆయనే, అచ్చుతప్పులు దిద్దేదీ ఆయనే, చందాదారులకు పంపే పని చూసుకునేదీ ఆయనే.

గోలకొండ అన్న పేరు కూడా ఆలోచించదగినదే. అది తెలుగువాడికీ తెలిసిన పేరు, ఉర్దూవాడికీ తెలిసిన పేరు. ఆ కోట నుండి ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా మీద అభిమానంతో అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకు అంకితమిచ్చినాడు. పొన్నిగంటి తెలగన యయాతి చరిత్రను అచ్చ తెలుగులో వ్రాసి పటాన్‌చెరు అమీన్‌ఖానుకు అంకితమిచ్చినాడు. సంస్కృత పదాలు విడిచి అచ్చ తెలుగులో వ్రాసిన తొలి కావ్యాన్ని స్వీకరించినవాడు ఒక ముసల్మాను ప్రభువు. ఈ సంగతి మన పిల్లలకు చెప్పవలసిన సంగతి.

ఇక పత్రిక పాఠకుల విషయానికి వస్తాము. ఆ రోజులలో నిజాం రాజ్యంలో నూటికి పది మందికి కూడా చదువను రాదు. పత్రిక ఊరికి చేరితే ఒకరు చదివితే పది మంది వినవలసిన రోజులు. చెవితో వినేవాడికి వ్రాసేది ఒక విధం, కంటితో చదువుకునేవాడికి వ్రాసేది ఇంకొక విధం. కంటితో చదివేవాడు అర్థం కాకపోతే వెనక్కి పోయి మళ్లీ చూసుకుంటాడు. వినేవాడికి ఆ అవకాశం లేదు, ఒక్కసారి మాట జారిపోతే పోయినట్టే. అందుకని పండితుడైన ఆ మనిషి పత్రికలో పాండిత్యాన్ని పక్కన పెట్టినారు. వెట్టి చాకిరి, పటేలు పట్వారీల జులుం, ఊరికి బడి లేకపోవడం ఇటువంటి సంగతులు జనం మాట్లాడుకునే మాటలకు దగ్గరగా వ్రాసినారు. మన ప్రాంతపు తెలుగులో కలిసిపోయిన ఉర్దూ మాటలను పరాయివని ఏరిపారవేయలేదు. తహసీలు, దరఖాస్తు, జమాబందీ అని రైతు నోటనే వస్తుంటే, వాటికి బదులు సంస్కృత సమాసం అల్లితే ఆ రైతుకు ఏమి తెలుస్తుంది?

పత్రికకు ఇంకొక పాఠకుడు కూడా ఉండినాడు. ఆయన చందా కట్టడు, కాని ప్రతి అక్షరం చదువుతాడు. ఆయన సర్కారు అధికారి. సంపాదకీయం అచ్చు కాకముందే చూపించి అనుమతి తీసుకోవాలని ఒక దశలో ఆంక్ష వచ్చింది. ప్రతాపరెడ్డి గారు కోపంతో పత్రిక మూసివేయలేదు, భయంతో పొగడ్తలు వ్రాయలేదు. సంపాదకీయం ఉండవలసిన చోట లోకంలోని మహానుభావుల సూక్తులు ఏరి అచ్చువేసినారు. స్వేచ్ఛను గురించి, న్యాయాన్ని గురించి ఏనాడో ఎక్కడో ఎవరో పెద్దలు చెప్పిన మాటలు అవి. అధికారి తప్పు పట్టడానికి అందులో ఏమీ లేదు. చందాదారునికి మాత్రం ఆ సూక్తి ఈ వారమే ఎందుకు పడిందో అర్థమయ్యేది. ఒకే పేజీని ఇద్దరు చదువుతారని తెలిసి, ఇద్దరినీ దృష్టిలో పెట్టుకుని చేసిన పని అది.

మూడవ పాఠకుడు పండితుడు. తెలంగాణంలో కవులు పూజ్యమని ఒక పండితుడు ఎత్తిపొడిచినాడు. దీనికి జవాబుగా నాలుగు ఘాటైన సంపాదకీయాలు వ్రాస్తే సరిపోయేది, చదివినవారు చప్పట్లు కొట్టేవారు. కాని పండితుడు చప్పట్లకు ఒప్పుకోడు, రుజువు అడుగుతాడు. కాబట్టి ప్రతాపరెడ్డి గారు ఊరూరి నుండి కవుల వివరాలు, పద్యాలు సేకరించి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేసినారు. అందులో 354 మంది కవులు ఉన్నారు. తిట్టు లేదు, వాదం లేదు. ఇదిగో పేరు, ఇదిగో ఊరు, ఇదిగో పద్యం. ఆ తరువాత ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాలేదు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలలో కవిత్వం వర్ధిల్లిన మన సీమలో పుట్టిన మనిషికి ఆ ఎత్తిపొడుపు ఎంత బాధ కలిగించి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. బాధను లోపల ఉంచుకుని, ఎదుటివాడు ఏ రకమైన జవాబును ఒప్పుకుంటాడో ఆ జవాబే ఇచ్చినారు.

కథలు వ్రాసేటప్పుడు ఆయన ఇంకొక మనిషి. మొగలాయి కథలు అన్న పేరుతో వచ్చిన వారి కథలు మనవారు తప్పక చదవవలసినవి. మొగలాయి అంటే కోస్తావారి నోట నిజాం ఇలాకా. అందులో ఒక కథ పేరే గ్యారా కద్దూ బారా కొత్వాల్. ఈ సామెత మన ఇండ్లలో పెద్దల నోట విన్నదే. గుమ్మడికాయలు పదకొండు, కొత్వాళ్లు పన్నెండు మంది. అమ్ముకోను వచ్చిన బీదవాడి గంపలో కాయలకన్నా వాటిని గుంజుకునే అధికారులే ఎక్కువ అని ఎగతాళి. లంచగొండితనం మీద ఒక వ్యాసం వ్రాస్తే చదివినవారు తల ఊపి పక్కన పెడతారు. సామెతను కథ చేస్తే నవ్వుతారు, నవ్విన తరువాత పది మందికి చెప్తారు. తెలుగు కథకు ఉర్దూ సామెతనే పేరుగా పెట్టడంలో కూడా పాఠకుని ఎరుక ఉన్నది. హైదరాబాదు రాజ్యంలోని తెలుగువాడికి ఆ సామెతను ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక ఆయన పేరు నిలిపిన గ్రంథం ఆంధ్రుల సాంఘిక చరిత్ర. 1949లో వెలువడింది. అంతవరకు చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, పట్టాభిషేకాలు. ఈయన జనం ఏమి తిన్నారు, ఏమి కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడినారు, అంగళ్లలో ఏమి అమ్మినారు అని వెతికినారు. దానికి శాసనాలు ఒక్కటే చాలవని పాల్కురికి సోమనాథుని కావ్యాలు, క్రీడాభిరామం, శుకసప్తతి, హంసవింశతి వంటి పుస్తకాలన్నీ గాలించినారు. పండితులు మెచ్చే పరిశోధన అది. అయినా మామూలు చదువరి కూడా చదువుకోగలిగేటట్టు వ్రాసినారు. ఎందుకంటే ఆ చరిత్ర ఎవరిదో వారికి అందకపోతే, ఎవరి కోసం వ్రాసినట్టు?

వ్రాతలోనే కాదు, సభలలో కూడా ఆయన తీరు అదే. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభకు ఆయన అధ్యక్షులు. గ్రంథాలయాల ఉద్యమంలో తిరిగినారు, ఆ విషయం మీద పుస్తకం కూడా వ్రాసినారు. వ్రాసినంత మాత్రాన సరిపోదు, చదివేవాడు తయారు కావాలె అని తెలిసినవాడే గ్రంథాలయం కోసం తిరుగుతాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము. వినేవారిని బట్టి మాట మార్చడం అన్నది రెండు రకాలు. మాట తీరు మార్చడం ఒకటి, మాటే మార్చడం ఇంకొకటి. మొదటిది మర్యాద, రెండవది మోసం. ఇక్కడ ఒకటి, అక్కడ ఒకటి చెప్పేవాడిని రెండు నాలుకలవాడు అంటాము. ప్రతాపరెడ్డి గారు రైతుకు చెప్పినదీ, పండితునికి చెప్పినదీ, అధికారికి కనబడేటట్టు అచ్చువేసినదీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక దానికొకటి ఎదురు తిరగదు. జనం భాషకు గౌరవం కావాలె, జనానికి చదువు కావాలె, అధికారం న్యాయంగా ఉండాలె. అన్ని చోట్లా ఇదే మాట.

ఈ విద్య ఆయన ఒక్కరిదే కాదు. మందుముల నరసింగరావు గారు తెలుగువారై ఉండి రయ్యత్ అనే ఉర్దూ పత్రికను నడిపినారు. పాలకులకు, చదువుకున్న వర్గానికి ప్రజల కష్టం తెలియాలంటే వారు చదివే భాషలోనే చెప్పాలె కదా. ఆ తరువాత షోయబుల్లాఖాన్ గారు ఇమ్రోజ్ పత్రిక నడిపినారు. ఉర్దూ చదివేవారికి ఉర్దూలోనే, తనవారికి తానే, హైదరాబాదు భారత దేశంలో కలవడమే మేలు అని ధైర్యంగా వ్రాసినారు. అది ఆనాడు ఆ పాఠకులలో చాలామందికి నచ్చని మాట. నచ్చే మాట వ్రాస్తే ప్రాణం దక్కేది. 1948 ఆగస్టులో దుండగులు ఆయనను నడిరోడ్డు మీద హత్య చేసినారు. ముప్పై ఏండ్లు కూడా నిండలేదు. పాఠకుని భాష ఎరగడం అంటే పాఠకునికి లొంగడం కాదని మనకు ఆయన జీవితం చెప్తుంది.

సురవరం వారు వ్రాసిన ప్రతి మాటా మనకు నచ్చాలని లేదు. హిందువుల పండుగలు, హైందవ ధర్మవీరులు వంటి పుస్తకాలు ఆయన తన వారిని ఉద్దేశించి వ్రాసుకున్నవి. ముసల్మాను పాలనా కాలాన్ని గురించి ఆయన ఇచ్చిన కొన్ని తీర్పులతో మనలో చదువుకున్నవారు ఏకీభవించకపోవచ్చు. ఏకీభవించని చోట చదివి, రుజువుతో జవాబు చెప్పడమే సరైన పద్ధతి. ఆ పద్ధతి కూడా గోలకొండ కవుల సంచికతో ఆయన చూపించినదే. చదవకుండా దూరం పెట్టడం వల్ల మనకే నష్టం.

1952 ఎన్నికలలో ప్రతాపరెడ్డి గారు మన పక్కనున్న వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైనారు. కాని ఎక్కువ కాలం ఆ పదవిలో ఉండలేదు. 1953 ఆగస్టు 25న పరమపదించినారు. అప్పటికి 57 ఏండ్లు. ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తెలుగులో ఆ బహుమతి పొందిన మొట్టమొదటి గ్రంథం అదే, అందుకోవడానికి ఆయన లేరు. 2025లో హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టడానికి శాసనసభ ఆమోదం తెలిపింది. మన నడిగడ్డ బిడ్డకు దక్కిన గౌరవం అది.

మరి మనం తీసుకోవలసింది ఏమిటి? మన ఇండ్ల సంగతి చూడండి. తాతగారు ఉర్దూ చదువుతారు, తెలుగు అక్షరం రాదు. మనవడికి తెలుగు, ఇంగ్లీషు వచ్చు, ఉర్దూ మాట్లాడతాడు గాని చదవలేడు. నానీమాకు ఏదీ చదవను రాదు, కాని ఇంట్లో నిర్ణయం ఆమెదే. ఒకే కప్పు కింద ముగ్గురు పాఠకులు. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు గడువు వచ్చిందని ఒక్క భాషలో, ఒక్క కాగితం గోడకు అంటిస్తే ఆ ఇంటికి వార్త చేరినట్టు కాదు. మనవడికి తెలుగులో రెండు వరుసలు, తాతగారికి ఉర్దూలో రెండు వరుసలు, నానీమాకు ఇంటికి పోయి నోటితో ఒక మాట. గడువు తేదీ మాత్రం మూడింట్లోనూ ఒక్కటే ఉండాలె.

అట్లాగే తహసీలుదారు గారికి వ్రాసే అర్జీ వేరు. అక్కడ మన బాధ ఎంత పెద్దదో అని రెండు పేజీలు వర్ణిస్తే చదివే తీరిక వారికి ఉండదు. దరఖాస్తుదారు పేరు, ఊరు, ఏ పని కావాలె, ఏ తేదీన దరఖాస్తు ఇచ్చినాము, ఏ కాగితాలు జత చేసినాము, ఇవి వరుసగా ఉంటే పని కదులుతుంది. షాదీ ముబారక్ కావచ్చు, పింఛను కావచ్చు, ఆదాయ సర్టిఫికెట్ కావచ్చు. చక్కగా వ్రాసిన ఒక్క కాగితం మీద ఒక బీద ఇంటి పెండ్లి, ఒక ముసలమ్మ మందుల ఖర్చు, ఒక పిల్లవాడి కాలేజీ సీటు ఆధారపడి ఉంటాయి. ఇది సాహిత్యం కాదు అనుకోవద్దు. గోలకొండ పత్రికలో రైతు కష్టం వ్రాసిన కలం చేసిన పని కూడా ఇటువంటిదే.

మూడవది ఇరుగుపొరుగు. మన కార్యక్రమానికి ఊరి పెద్దలను, పక్క వాడవారిని పిలిచేటప్పుడు, మనలో మనకు మాత్రమే తెలిసిన మాటలతో కార్డు నింపితే వారు వచ్చి కూడా బయటివారిగానే కూర్చుంటారు. వారికి తెలిసిన మాటల్లో, మన సంగతి ఏదీ దాచకుండా చెప్తే దగ్గరవుతారు. మన లోపల చెప్పుకునేదీ, వారి ముందు చెప్పేదీ ఒక్కటే అయితే ఇక భయం ఎవరికి?

కాబట్టి మన యువకులు, మన చెల్లెండ్లు ఒక్క భాషతో సరిపెట్టుకోకూడదని మా మనవి. ఇంటి భాష ఉర్దూను చదవను, వ్రాయను నేర్చుకోండి. ఊరి భాష తెలుగును ఊరివారికి తీసిపోకుండా నేర్చుకోండి. కచేరీకి, కాలేజీకి ఇంగ్లీషు నేర్చుకోండి. ఏ కాగితం వ్రాసినా పేరు వ్రాసే ముందు, ఇది ఎవరి చేతికి పోతుంది, వారు దీన్ని చదువుతారా, చదివించుకుంటారా అని ఒక్క క్షణం ఆలోచించండి. అన్ని భాషలలోనూ ఒకే నిజం చెప్పండి. కృష్ణకు అవతలి ఒడ్డున పుట్టిన ఆ పెద్దమనిషి మన పాలమూరు బిడ్డలందరికీ విడిచిపోయిన ఆస్తి ఇది. దీన్ని వాడుకోవడానికి వారసత్వ సర్టిఫికెట్ ఏదీ అవసరం లేదు.